కారు కిటికీ కథ: తోలు పట్టీ నుంచి పవర్ విండో దాకా

పాత అంబాసిడర్ తలుపు అద్దం దిగకుండా మొరాయిస్తే నింద ముందు గ్లాసు మిషన్ మీద, అంటే అద్దాన్ని లేపి దించే పరికరం మీద పడుతుంది. హ్యాండిల్ బిగుసుకుంది కాబట్టి లోపల పళ్లు అరిగాయని ఓనరు అనుకుంటాడు, మెకానిక్ మిషన్ మార్చేస్తాడు. కొన్నాళ్లకు కొత్త మిషనూ అదే బాట పడుతుంది. చాలా బండ్లలో అసలు లోపం అద్దం నడిచే చానల్లోనూ, అందులో అద్దం అంచుకు ఆనుకుని ఎండి గట్టిపడిన ఫెల్టు పట్టీలోనూ ఉంటుంది. కారు కిటికీ ఎలా ఎదిగిందో చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. అద్దాన్ని పైకి లేపే ఉపాయం త్వరగానే దొరికింది. దాన్ని వంకరపోకుండా నడిపించడం, దాని వెంట తలుపులోకి దిగే నీటిని సాగనంపడం మాత్రం నేటికీ తీరని పనులే.

మొదటి తరం కార్లలో ఎక్కువ వాటికి పక్క కిటికీలు లేవు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి లాంటి టాపు బండ్లలో వానొస్తే కాన్వాస్ తెరలు తీసి తగిలించుకోవాలి. బయటికి కనిపించడానికి వాటిలో సెల్యులాయిడ్ ముక్కలు కుట్టేవారు. అవి ఎండకు పచ్చబడి, మడత పడినచోట పగిలేవి. వాటిని బాగుచేయడం మెకానిక్ పని కాదు, కుట్టుపనివాడిది. ఈ పద్ధతి మన దేశంలో చాలాకాలం బతికింది. మహీంద్రా జీపుల పక్కతెరలు చిరిగితే జనం వెళ్లింది టాపులు కుట్టే రెగ్జిన్ దుకాణానికే.

మూసిన బాడీ అప్పట్లో కలిగినవారి సొత్తు. ఆ బాడీలు కట్టినవాళ్లు గుర్రపు బగ్గీల పనిలో ఆరితేరినవాళ్లు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు పెట్టిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు బాడీ కట్టిన లండన్ బార్కర్ సంస్థ అలాంటిదే. ఆ కారును ఇప్పుడు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చు. బగ్గీల నుంచే కిటికీకి తోలు పట్టీ వచ్చింది. అద్దం కింద బిగించిన పట్టీని లాగి, దాని బెజ్జాన్ని తలుపు మీది గుబ్బకు తగిలిస్తే అద్దం ఆ ఎత్తులో నిలుస్తుంది. నాటి బ్రిటిష్ రైలు పెట్టెల్లోనూ ఇదే ఏర్పాటు. బెజ్జం సాగితే కొత్త పట్టీ వేస్తే సరిపోయేది. కానీ అద్దం బరువంతా చేతిమీదే పడేది, గతుకుల్లో గలగలమనేది.

మూసిన కార్లు మామూలు ఇళ్లకు చేరాక ఈ పద్ధతి చాల్లేదు. అమెరికాలో 1919లో అమ్ముడైన కార్లలో మూసిన బాడీవి సుమారు 10 శాతం. 1927 నాటికి అవి 85 శాతం దాకా వెళ్లాయి. ఎవరైనా తేలిగ్గా తిప్పగల హ్యాండిల్ కావలసివచ్చింది. ఇలాంటి సరంజామా తయారీలో పేరు పడ్డ డెట్రాయిట్ సంస్థ టెర్న్‌స్టెడ్. తర్వాత అది ఫిషర్ బాడీ ద్వారా జనరల్ మోటార్స్‌లో కలిసింది.

ఆ రోజుల్లో స్థిరపడిన మిషన్ నిర్మాణం దశాబ్దాలపాటు పెద్దగా మారలేదు. హ్యాండిల్ చివర చిన్న పళ్లచక్రం. అది విసనకర్ర ఆకారపు పెద్ద పళ్లబిళ్లను తిప్పుతుంది. ఆ బిళ్లకున్న చెయ్యి అద్దం అడుగు చానల్లో జారుతూ అద్దాన్ని లేపుతుంది. అద్దం తన బరువుకు తాను దిగిపోకుండా ఆపేది హ్యాండిల్ ఇరుసు దగ్గర డబ్బాలో ఇమిడిన ఉక్కు స్ప్రింగు. హ్యాండిల్ తిప్పినప్పుడు ఆ చుట్టలు ముడుచుకుని డబ్బాను వదులుతాయి. అద్దం వైపు నుంచి బలం వస్తే విచ్చుకుని డబ్బా గోడను పట్టేస్తాయి. నిలిపిన అద్దం దానంతటదే జారిపోతోందంటే ఈ స్ప్రింగు విరిగిందేమో చూడాలి. చాలా మిషన్లలో బరువు తగ్గించడానికి ఇంకో చుట్ట స్ప్రింగు కూడా ఉంటుంది. పళ్లబిళ్లను కదలకుండా బిగించకుండా దాన్ని విప్పితే వేళ్లు తెగుతాయి.

ఆ కాలంలోనే గాజూ మారింది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఎడ్వార్ బెనెడిక్టస్ 1909లో రెండు అద్దాల మధ్య పొర పెట్టి అతికించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ పొరల అద్దం ముందువైపు నిలిచింది. పక్క కిటికీలకు క్రమంగా గట్టిపరచిన గాజు వచ్చింది. పగిలితే అది పదునైన పెంకులు కాకుండా చిన్న పలుకులుగా రాలుతుంది. పాత కార్లు బాగుచేసేవారికి ఇందులో ఒక చిక్కుంది. పొరల అద్దాన్ని సమతలంగా ఉంటే దుకాణంలో కొలతకు కోయించుకోవచ్చు. గట్టిపరచిన గాజును కోయబోతే మొత్తం రాలిపోతుంది, సరిపోయే ముక్క వెతుక్కోక తప్పదు. 1957లో అమెరికాలో ఇంపీరియల్ కారుతో వంపు తిరిగిన పక్క అద్దాలు మొదలయ్యాయి. అప్పటినుంచి చానల్ కూడా ఆ వంపుకు తగ్గట్టే ఉండాల్సివచ్చింది.

తలుపు లోపలికి నీళ్లు రాకూడదని చాలామంది అనుకుంటారు. నిజానికి అద్దానికి, తలుపు అంచుకు మధ్య ఎంత మంచి బీడింగ్ ఉన్నా కొంత నీరు దిగుతుంది. అందుకే తలుపు అడుగున బెజ్జాలు ఉంటాయి, లోపలి ప్యాడ్ వెనక నీరాపే షీటు ఉంటుంది. దుమ్ము, రాలిన ఆకుల పొడి కలిసి ఆ బెజ్జాలను మూస్తే నీరు నిలిచి అడుగు రేకు తుప్పు పడుతుంది. షీటు చించి పారేస్తే తడి హార్డ్‌బోర్డు ప్యాడ్‌కు ఎక్కి అది ఉబ్బుతుంది. అప్పుడు టింకరింగ్ ఖర్చు మిషన్ ఖర్చును మించిపోతుంది.

గాలి కోసం వచ్చింది క్వార్టర్ గ్లాసు, అంటే ముందు తలుపు మూలలో తిరిగే చిన్న అద్దం. జనరల్ మోటార్స్ 1933 కార్లలో ఫిషర్ బాడీ ఈ తిరుగుడు అద్దాన్ని ప్రవేశపెట్టింది. ఏసీ లేని రోజుల్లో మన ఫియట్లలో దాన్ని తిప్పితే గాలి నేరుగా ఒంటికి తగిలేది. డాష్‌బోర్డు నుంచి గాలి లాగి వెనకనుంచి వదిలే పద్ధతి 1964 ఫోర్డ్ కోర్టినాలో వచ్చాక దీని అవసరం తగ్గుతూ పోయింది. అడుగు ఇరుసు స్ప్రింగు వదులైతే ఈ అద్దం వేగానికి దానంతటదే మూసుకుంటుంది. రబ్బరు గట్టిపడితే ఈల వేస్తుంది.

అందరూ హ్యాండిల్, మిషన్ల దారిన నడవలేదు. 1948 నాటి సిట్రోయెన్ 2సీవీలో ముందు కిటికీ కింది సగం పైకి మడుస్తారు. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేసిన మినీలో అద్దాలు పక్కకు జరిగేవి. మిషన్ లేదు కాబట్టి తలుపులో సామాను పెట్టుకునే చోటు మిగిలింది, బాగుచేయడానికీ ఏమీ లేదు. అయితే అద్దం జరిగే చానల్లో నీరు నిలిచి నాచు పట్టేది. మిషన్ తీసేసినా నీటి బాధ తప్పలేదు. 1969లో మినీకి హ్యాండిల్ వచ్చింది.

మన దేశంలో ఈ కథ నెమ్మదిగా నడవడమే మరమ్మతుకు మేలు చేసింది. ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా 1957లో మొదలుపెట్టిన అంబాసిడర్ 2014 దాకా నడిచింది. బొంబాయి ప్రీమియర్ సంస్థ ఫియట్ 1100, పేరు మారి పద్మినిగా దశాబ్దాలు సాగింది. తలుపు ఆకారం పెద్దగా మారకపోవడంతో ఒక తరం నేర్చిన పని మరో తరానికి ఉపయోగపడింది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అరిగిన పన్నును వెల్డింగుతో నింపి ఆకురాయితో దిద్దడం, అద్దం అడుగు చానల్లో ఎండిన రబ్బరు తీసి సైకిల్ ట్యూబు ముక్క కుక్కడం వింత పనులు కావు.

హ్యాండిల్ విప్పడమూ ఒక్కో బండికి ఒక్కో తీరు. మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్‌లో హ్యాండిల్ వెనక బిళ్లను లోపలికి నొక్కితే సన్నటి పిన్ను బయటపడుతుంది, దాన్ని పంచ్‌తో తట్టాలి. 1983లో వచ్చిన మారుతి 800లో హ్యాండిల్ సందులో గుడ్డ అంచు దూర్చి అటూ ఇటూ లాగితే లోపలి క్లిప్పు ఊడుతుంది. ఇది తెలియక స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే ప్యాడ్ చిరుగుతుంది.

1940ల మొదట్లోనే ప్యాకార్డ్ లాంటి ఖరీదైన అమెరికన్ కార్లలో పవర్ విండోలు వచ్చినా మన దగ్గర అవి మామూలు కావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. ఇప్పుడు మోటారు, తీగ, ప్లాస్టిక్ జారుడు ముక్కలు కలిపి ఒకే సెట్టుగా అమ్ముతారు. ప్లాస్టిక్ ముక్క విరిగినా సెట్టు మొత్తం మార్చమంటారు. ఎండిన చానల్లో బిగుసుకున్న అద్దాన్ని మోటారు మొండిగా లాగుతుంది. చెయ్యి తిప్పేటప్పుడు తెలిసే బిగువు స్విచ్ నొక్కే వేలికి తెలియదు. అందుకే లోపం బయటపడేసరికి మోటారే కాలిపోతుంది.

కాబట్టి పాత కారైనా కొత్త కారైనా వరస ఒక్కటే. ముందు తలుపు అడుగు బెజ్జాలు పొడవాలి. తర్వాత అద్దాన్ని మిషన్ నుంచి విడదీసి రెండు చేతులతో పైకీ కిందికీ జరపాలి. చేతికే బిగువుగా తగిలితే ఫెల్టు మార్చాలి. ఫెల్టుకు ఆయిల్ పూయకూడదు, దుమ్ము అంటుకుని మరింత బిగుస్తుంది. గ్రీజు పళ్లకూ అడుగు చానల్‌కూ మాత్రమే. ఇవన్నీ సరిగా ఉండి కూడా హ్యాండిల్ మొరాయిస్తే అప్పుడు మిషన్ విప్పండి. ఈ వరస పాటిస్తే కొత్త మిషన్ కొనే అవసరం చాలాసార్లు రాదు.