45 రోజుల హక్కు

మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా ఎల్బీనగర్‌లో దిగేవారికి దారి పొడవునా ఒకే ఊరు కనిపిస్తుంది. లోక్‌సభ ఎన్నికల్లో మాత్రం ఇది మూడు ముక్కలు. 2008 నాటి పునర్విభజనతో మూసారాంబాగ్, సైదాబాద్‌లు మలక్‌పేట సెగ్మెంట్ ద్వారా హైదరాబాద్ స్థానంలోకి వెళ్లాయి. సరూర్‌నగర్, ఆర్‌కే పురం మహేశ్వరంతో పాటు చేవెళ్లలోకి, కొత్తపేట, వనస్థలిపురం ఎల్బీనగర్‌తో పాటు మల్కాజిగిరిలోకి చేరాయి. ఫలితాన్ని కోర్టులో సవాలు చేయదలచినవారికి ఈ గీతలు చాలా ముఖ్యం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం పోటీ చేసిన అభ్యర్థితో పాటు ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరైనా, ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోగా 2,000 రూపాయల డిపాజిట్‌తో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. కొత్తపేట ఓటరు మల్కాజిగిరి ఫలితాన్ని ప్రశ్నించవచ్చు, సరూర్‌నగర్ ఓటరు ప్రశ్నించలేడు. సామాన్యుడి చేతికి ఇంత దగ్గరగా ఉన్న ఈ హక్కు ఏడు దశాబ్దాల్లో ఎంతవరకు పనిచేసిందో చూస్తే ఒక విషయం తేలుతుంది: పోలింగ్‌లో జరిగిన తప్పును ఫలితం వచ్చాక దిద్దడం చాలా అరుదు. అలాంటి తప్పును పోలింగ్ నాడే పట్టుకుని కాగితం మీద పెట్టాలి.

ఎన్నిక నడుస్తుండగా కోర్టులు జోక్యం చేసుకోకూడదని రాజ్యాంగం 329వ అధికరణం చెబుతోంది. 1952లో పొన్నుస్వామి కేసులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. అందుకే ఫలితం తరువాత వేసే పిటిషన్ ఒక్కటే దారి. మొదట ట్రైబ్యునళ్లు విన్నాయి, 1966 సవరణ తరువాత హైకోర్టులు వింటున్నాయి. అయితే చట్టం అన్ని తప్పులనూ ఒకే తూకంతో చూడదు. అభ్యర్థే అవినీతికి పాల్పడ్డాడని రుజువైతే మెజారిటీ ఎంతైనా ఎన్నిక రద్దవుతుంది. 1967లో తాండూరు అసెంబ్లీ స్థానంలో గెలిచి, కేంద్ర ఉక్కు, గనుల మంత్రిగా ఉన్న మర్రి చెన్నారెడ్డి ఎన్నికను వందేమాతరం రామచంద్రరావు పిటిషన్‌పై 1968లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రద్దు చేసింది. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. రాయ్‌బరేలీలో లక్షకు పైగా మెజారిటీతో గెలిచిన ఇందిరాగాంధీకీ 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో అదే ఎదురైంది. పోలింగ్‌లో, లెక్కింపులో జరిగే అక్రమాల సంగతి వేరు. వాటివల్ల ఫలితమే తారుమారైందని పిటిషనరు రుజువు చేయాలి. మొదటి సార్వత్రిక ఎన్నికల్లో హోషంగాబాద్ లోక్‌సభ స్థానంలో హెచ్.వి. కామత్ 174 ఓట్ల తేడాతో ఓడారు. రెండు బూత్‌లలో పొరపాటున అసెంబ్లీ ఎన్నిక బ్యాలెట్లు ఇవ్వగా, అలాంటివి 301 విజేత లెక్కలో కలిశాయి. తేడా కన్నా చెల్లని ఓట్లే ఎక్కువని తేలి ఎన్నిక రద్దయింది. మళ్లీ జరిగిన పోటీలో కామత్ గెలిచారు.

ఆ లెక్కను మల్కాజిగిరికి వర్తింపజేస్తే హక్కు ఎంత బరువైందో తెలుస్తుంది. 2019లో 31 లక్షలకు పైగా ఓటర్లతో దేశంలోనే అతిపెద్ద నియోజకవర్గమిది. రేవంత్‌రెడ్డి మెజారిటీ 10,919. వాదన కోసం ఆ ఫలితాన్ని ఎవరో అక్రమాల మీద ప్రశ్నించారనుకుందాం. అంతకు మించిన ఓట్లు చెడ్డాయని బూత్ బూత్‌కూ సాక్ష్యం తేవాలి. 2024లో ఈటల రాజేందర్ మెజారిటీ 3.91 లక్షలు. అక్కడ ఈ వాదనకు తావే ఉండదు. ఓటరు జాబితాలో పేరు గల్లంతైనవారి పరిస్థితి మరీ కష్టం. 2018 డిసెంబరు అసెంబ్లీ ఎన్నికల్లో పేర్లు లేక వెనుదిరిగిన ఓటర్లకు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. కానీ ఖరారైన జాబితాను ఎన్నికల పిటిషన్‌లో కోర్టు తిరగదోడదు. అద్దె ఇళ్లు మారే జనం ఎక్కువగా ఉన్న ఎల్బీనగర్ లాంటి చోట ఇది చిన్న సంగతి కాదు.

లక్షల మంది తీర్పును ఒక న్యాయమూర్తి తేలిగ్గా కొట్టేస్తే ప్రజాస్వామ్యం ఏమవుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. రుజువు బరువు పిటిషనరు మీదే ఉండాలి. అయితే ఆలస్యానికి అది సమర్థన కాదు. ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టమే చెబుతుండగా, 2018లో జరిగిన కొత్తగూడెం, గద్వాల ఎన్నికల్లో ఆస్తుల అఫిడవిట్లపై తీర్పులు 2023 జులై, ఆగస్టుల్లో, సభ గడువు ముగియబోతుండగా వచ్చాయి. వాటి మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 441 ఓట్ల తేడాతో తేలిన ధర్మపురి లెక్కింపు వివాదంలో 2023లో స్ట్రాంగ్‌రూమ్ తెరవబోతే తాళంచెవి లేదు. తాళం పగలగొట్టడానికి హైకోర్టు అనుమతించాల్సి వచ్చింది. ఈవీఎంలతో రిగ్గింగ్ పోయింది కదా అనేవారికి కూడా ధర్మపురే జవాబు: వివాదం బ్యాలెట్ పెట్టె నుంచి లెక్కింపు గదికి మారింది, అంతే.

అలాగని కోర్టుకు వెళ్లడం దండగ కాదు. చంద్రబాబునాయుడు సహా 21 పార్టీల నేతలు సగం వీవీప్యాట్‌ల స్లిప్పులు లెక్కించాలని కోరితే, 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఒకటికి బదులు ఐదు లెక్కించమంది. ఏడు సెగ్మెంట్ల మల్కాజిగిరిలో అంటే 35. మొత్తం స్లిప్పులు లెక్కించాలన్న కోరికను 2024 ఏప్రిల్ 26న తోసిపుచ్చుతూనే, రెండు, మూడు స్థానాల్లో నిలిచినవారు సెగ్మెంట్‌కు ఐదు శాతం యంత్రాలను తనిఖీ చేయించుకునే వీలు కల్పించింది. అడిగినదంతా దక్కకపోయినా పద్ధతి మెరుగుపడింది. ఇక మిగిలిన పని పార్టీలది, పౌరులది. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి ఇచ్చే ఫారం 17సీలో ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పోలయ్యాయో ఉంటుంది. లెక్కింపు నాటి అంకెతో పోల్చడానికి ఏజెంటు చేతిలో ఉండే ఆధారం అదే. దాన్ని ప్రతి బూత్‌లోనూ తీసుకుని భద్రపరచాలి, జాబితాలో పేరు నోటిఫికేషన్‌కు ముందే సరిచూసుకోవాలి, ఆరు నెలల గడువును హైకోర్టులు కచ్చితంగా పాటించాలి. ఈ మూడూ జరిగితేనే 45 రోజుల హక్కుకు విలువ ఉంటుంది.