రేకు డబ్బా నేర్పిన పాఠం

గత నెలలో నా మిత్రుని కుమారుడు కుటుంబంతో శ్రీశైలం బయలుదేరాడు. అడవి దారిలో పెట్రోలు బంకు దొరకదేమోనన్న ముందుచూపుతో ఐదు లీటర్ల మంచినీళ్ల క్యానులో పెట్రోలు నింపి కారు డిక్కీలో పెట్టుకున్నాడు. దానిపై బట్టల సంచులు; ముందు సీటులో భార్య, వెనుక సీటులో ఇద్దరు పిల్లలు. దానిని దింపమన్నాను. "క్యానుదేముంది బాబాయ్, కారకపోతే చాలు కదా" అన్నాడు. కారకుండా ఉండడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి ఒక మహాయుద్ధం కావలసి వచ్చింది. ఆ చరిత్ర చెప్పడానికే ఈ వ్యాసం.

నా వయసువారికి కిరసనాయిలు డబ్బా చిరపరిచితం. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో అమెరికా నుంచి ఆసియా దేశాలకు కిరసనాయిలు పలకల రేకు డబ్బాలలో, చెక్కపెట్టెకు రెండు చొప్పున వచ్చేది. 1892లో మార్కస్ శామ్యూల్ అనే ఆంగ్ల వర్తకుడు 'మ్యూరెక్స్' అనే నౌక గర్భంలోనే నూనె నింపి సూయజ్ కాలువ గుండా తూర్పు దేశాలకు పంపాడు. ఖర్చు తగ్గింది గాని, కొనేవారు డబ్బా కూడా కావాలన్నారు. నూనె అయిపోయాక ఆ రేకు ఇంటిలో అనేక అవసరాలకు పనికివచ్చేది మరి! అందువల్ల శామ్యూల్ ఎర్రరంగు డబ్బాలు తయారు చేయించవలసి వచ్చింది. చవకైన ఆ పలుచని డబ్బా కిరసనాయిలుకు సరిపోయింది. పెట్రోలు సంగతి వేరు. సాధారణ గది ఉష్ణోగ్రత వద్ద కిరసనాయిలుకు అంటుకునేంత ఆవిరి పుట్టదు. పెట్రోలుకు మాత్రం సున్నాకు దిగువన నలభై డిగ్రీల చలిలో కూడా అంటుకోగల ఆవిరి పుడుతుంది.

ఈ భేదాన్ని పట్టించుకోకుండా బ్రిటిష్ సైన్యం రెండో ప్రపంచ యుద్ధంలో నాలుగు గ్యాలన్ల, అంటే సుమారు 18 లీటర్ల పలుచని రేకు డబ్బాలలోనే ఉత్తర ఆఫ్రికా ఎడారికి పెట్రోలు తరలించింది. సైనికులు వాటికి పెట్టిన పేరు 'ఫ్లిమ్సీ', బలహీనమైనదని అర్థం. రాళ్లదారిలో లారీ కుదుపులకు అతుకులు విడిపోయేవి. ఓడల అడుగుభాగంలో కారిన పెట్రోలు ఆవిరై పేరుకుపోయి, ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకొని ఉండేది. డిపో నుంచి వాహనానికి చేరేలోగా ముప్పై శాతం ఇంధనం నష్టమవుతున్నదని సేనాధిపతి ఆకిన్‌లెక్ అంచనా వేశాడు. ఆ డబ్బాలు చివరకు సైనికులకు పనికివచ్చింది టీ కాచుకోవడానికి: డబ్బాను సగానికి కోసి, ఇసుక నింపి, పెట్రోలు పోసి పొయ్యిగా వాడుకొనేవారు.

అదే ఎడారిలో జర్మన్ల చేతిలో వేరొక డబ్బా ఉండేది. 1937లో ష్వెల్మ్ పట్టణానికి చెందిన ముల్లర్ కంపెనీలో గ్రూన్‌ఫోగెల్ అనే ఇంజినీరు దానిని రూపొందించాడు. పరిమాణం ఇరవై లీటర్లు. రెండు ఉక్కు రేకులను అచ్చువేసి, అంచులను లోపలికి ఒదిగేలా వెల్డింగు చేశారు. పైన మూడు పిడులు ఉండడంతో ఒకరు మోయవచ్చు, ఇద్దరు చెరొక పక్క పట్టుకోవచ్చు, వరుసగా నిలబడి చేతులు మార్చవచ్చు. మూత డబ్బాకే అతుక్కొని ఉండి, మీట నొక్కితే బిగుసుకుంటుంది. నిండుగా పోసినా పైభాగంలో కొంత గాలి మిగులుతుంది. ఎండకు పెట్రోలు వ్యాకోచించినా డబ్బా పగలదు, నీటిలో పడినా మునగదు. జర్మన్లను ఎగతాళిగా 'జెర్రీ'లని పిలిచే బ్రిటిష్ సైనికులు, శత్రువు వదిలివెళ్లిన ఈ డబ్బాలను ఏరుకొని వాడుకుంటూ 'జెర్రీక్యాన్' అన్నారు. తరువాత బ్రిటన్ దానిని ఉన్నదున్నట్లుగా అనుకరించింది.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. 1939లో పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజినీరు బెర్లిన్ నుంచి భారతదేశానికి కారులో బయలుదేరాడు. దారిలో నీటి నిల్వకు తగిన పాత్రలు లేకపోతే, వెంట వచ్చిన జర్మన్ మిత్రుడు టెంపుల్‌హాఫ్ విమానాశ్రయం గిడ్డంగి నుంచి మూడు జెర్రీక్యాన్లు తెచ్చాడు. ఆ మిత్రుడు మధ్యలోనే వెనుదిరగవలసి వచ్చినా, తయారీ వివరాలు ప్లైస్‌కు అందజేశాడు. ప్లైస్ ఒంటరిగా కలకత్తా చేరి, కారును అక్కడ ఉంచి స్వదేశం వెళ్లి చెబితే, సైనికశాఖ మొదట పెడచెవిన పెట్టింది. తరువాత చేసిన అమెరికన్ నమూనాలో పిడులు, ఆకారం అలాగే ఉంచి, వెల్డింగు అతుకుకు బదులు మడత అతుకు వేశారు. లోపలి పూత తీసివేశారు. మూత తిప్పడానికి పానా, పోయడానికి గరాటు అవసరమయ్యాయి. అది కారసాగింది. రూపం వచ్చింది గాని గుణం రాలేదు.

వైద్యునిగా ఈ చరిత్ర నాకు ఎందుకు ముఖ్యమో చెబుతాను. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది. అది పైకి పోదు. కారు అడుగున, సీట్ల కింద పేరుకుంటుంది. ఇరవై లీటర్ల పెట్రోలు 25 డిగ్రీలు వేడెక్కితే సుమారు అర లీటరు పెరుగుతుంది. నిండా నింపిన నీళ్ల క్యాను ఈ ఒత్తిడికి ఆగదు. ఇక శీతలపానీయం సీసాలో పోసిన కిరసనాయిలును పిల్లలు తాగి, అది ఊపిరితిత్తులలోకి పోయి ఆయాసపడుతూ ఆసుపత్రికి రావడం నా సర్వీసులో ఎన్నోసార్లు చూశాను. అటువంటప్పుడు వాంతి చేయించకూడదు. వాంతితో నూనె మళ్లీ ఊపిరితిత్తులలోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకురావాలి. గొట్టంతో నోటితో పెట్రోలు పీల్చడంలోనూ ఇదే ప్రమాదం.

మన 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా మొత్తం 30 లీటర్లకు మించి ఉంచుకోరాదు. పాత్ర లోహంతో చేసినదైతే 25 లీటర్లు, గాజు లేదా పింగాణీదైతే ఒక లీటరు దాటరాదు. మూత గట్టిగా బిగియాలి. ఆ జాబితాలో ప్లాస్టిక్ నీళ్ల సీసా లేదు. కనుక తప్పనిసరి అయితే అతుకు గట్టిగా ఉండి, తుప్పు లేని, రబ్బరు వాషరుతో మూత బిగిసే ఉక్కు క్యాను ఎంచుకోండి. స్థిర విద్యుత్తు రవ్వ పుట్టకుండా నేలపై ఉంచి నింపండి, పైన ఖాళీ వదలండి. మనుషులు కూర్చొనే చోట ఉంచకండి. ఎండలో నిలిపిన కారులో వదలకండి.

అన్నిటికంటే భద్రమైన పాత్ర ఒకటి ఉంది. మిత్రుని కుమారునికి అదే చూపించాను. ఇంజను ఆపించి, క్యానులోని పెట్రోలును కారు ట్యాంకులోనే పోయించాను. అడవికి ముందున్న ఊరిలో ట్యాంకు నిండా పోయించుకొని వెళ్లాడు. దర్శనం చేసుకొని క్షేమంగా తిరిగి వచ్చి, నాకు ప్రసాదం ఇచ్చి వెళ్లాడు.