ఒకే ముట్టడి, రెండు రకాల పిండి: 1916లో గోధుమ పొట్టు చేసిన పని

ఈరోజు గోధుమ పిండి గురించి. ‘గోధుమ పిండి అమృతం, మైదా విషం’ అని ఫ్యామిలీ గ్రూపుల్లో వారానికో ఫార్వర్డ్ వస్తూనే ఉంటుంది కదా. మైదా పేగులకి అతుక్కుపోతుంది అని కూడా అంటారు. అతుక్కోదు, అదీ అరుగుతుంది. మరి తేడా ఏం లేదా? ఉంది. ఆ తేడా ఒకసారి వేల మంది మీద, ఎవరూ ప్లాన్ చేయకుండానే, టెస్ట్ అయిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే ఏ/బీ టెస్ట్ అంటాం. కొంతమంది యూజర్లకి ఒక వెర్షన్, మిగతావాళ్లకి ఇంకో వెర్షన్ ఇచ్చి ఏం జరుగుతుందో చూస్తాం. ఇక్కడ వెర్షన్లు రెండు రకాల పిండి. యూజర్లు సైనికులు.

మొదటి ప్రపంచ యుద్ధం, 1915 డిసెంబర్. జనరల్ టౌన్‌షెండ్ కింద ఉన్న 6వ ఇండియన్ డివిజన్ బాగ్దాద్ పట్టుకుందామని బయల్దేరి, టెసిఫాన్ దగ్గర దెబ్బతిని వెనక్కి వచ్చి, టైగ్రిస్ నది ఒంపులో ఉన్న కూత్ అనే ఊళ్లో ఆగింది. ఇప్పటి ఇరాక్ అన్నమాట. ఒట్టోమన్ సైన్యం చుట్టూ కమ్మేసింది. లోపల బ్రిటిష్ సైనికులున్నారు. వాళ్లకంటే ఎక్కువ మంది భారత సైన్యం వాళ్లు: పంజాబీలు, రాజ్‌పుత్‌లు, మరాఠాలు, గూర్ఖాలు.

ఒకే ఊరు, ఒకే ఫిరంగులు, ఒకే చలి. కానీ రేషన్ వేరు. బ్రిటిష్ వాళ్లకి తెల్ల పిండితో చేసిన రొట్టె, మాంసం. తెల్ల పిండి అంటే మన మైదాకి దగ్గరిదే. భారత సైనికులకి పొట్టుతో సహా ఆడించిన గోధుమ పిండి, పప్పు, నెయ్యి.

కొన్ని వారాలు గడిచాయి. బ్రిటిష్ సైనికుల్లో కొందరికి కాళ్లు తిమ్మిరెక్కడం, వాపులు, నడవలేకపోవడం మొదలయ్యాయి. బెరిబెరి. ముదిరితే గుండె ఆగిపోతుంది. గోధుమ పిండి తింటున్న భారత సైనికుల్లో ఆ జబ్బు కనపడలేదు. ఈ సంగతి ఆ సైన్యానికి పెద్ద డాక్టర్ అయిన కల్నల్ పాట్రిక్ హెహిర్ రాసిపెట్టాడు. అసలు ట్విస్ట్ తర్వాత వచ్చింది. తెల్ల పిండి నిల్వ అడుగంటింది. ఇక దారిలేక బ్రిటిష్ వాళ్లకీ భారత సైనికుల గోధుమ పిండి, బార్లీ పిండి కలిపి ఇచ్చారు. బెరిబెరి తగ్గిపోయింది! జనం ఆకలితో మాడుతుంటే ఒక జబ్బు మాత్రం వెనక్కి వెళ్లింది. చరిత్రలో ఇలాంటివి అరుదు.

కానీ కథ ఇక్కడే ఆపేస్తే నేనూ ఆ ఫార్వర్డ్ పంపే అంకుల్‌నే అవుతాను. భారత సైనికులకి ఇంకో జబ్బు వచ్చింది: స్కర్వీ. చిగుళ్ల నుంచి రక్తం, మానని గాయాలు. విటమిన్ సి లేక వచ్చేది. ఎండిన గోధుమలో ఆ విటమిన్ ఉండదు. కూరగాయలు లేవు. గుర్రం మాంసంలో కాస్త ఉంటుంది. బ్రిటిష్ వాళ్లు తిన్నారు. భారత సైనికుల్లో చాలామంది మతం, కులం, ఇంటికెళ్లాక నలుగురూ ఏమంటారో అన్న భయం, అన్నీ కలిసి చాలాకాలం ముట్టుకోలేదు. చివరికి 1916 ఏప్రిల్ 29న అందరూ లొంగిపోయారు. ముట్టడి 147 రోజులు నడిచింది. అంటే పొట్టు పిండి ఒక జబ్బుని ఆపింది, అన్నిటినీ కాదు.

మరి ఆ పొట్టులో ఏముంది? గోధుమ గింజ బరువులో దాదాపు 83 శాతం లోపలి తెల్ల భాగం, అంటే ఎక్కువగా పిండిపదార్థం. 14 శాతం దాకా పొట్టు. మొలకెత్తే భాగం 3 శాతం లోపే. బి1 విటమిన్, అంటే థయామిన్, ఎక్కువగా ఉండేది ఆ పైపొరల్లో, మొలక భాగంలో. తిన్న పిండిపదార్థాన్ని శక్తిగా మార్చుకోవడానికి ఒంటికి అది కావాలి. ఒంట్లో దాని నిల్వ కొన్ని వారాలకే సరిపోతుంది. అందుకే కూత్‌లో అంత త్వరగా బయటపడింది.

అయితే ఇంత పనికొచ్చేదాన్ని ఎందుకు తీసేశారు? తెల్ల రొట్టె గొప్పవాళ్ల తిండి అనే మోజు రోమన్ల కాలం నుంచీ ఉంది. కానీ తిరగలి రాళ్ల మధ్య గింజంతా కలిసి నలుగుతుంది. ఎంత జల్లించినా పూర్తి తెలుపు కష్టం, ఖర్చు. 19వ శతాబ్దంలో ఇనుప రోలర్లు ఆ లెక్క మార్చేశాయి. బుడాపెస్ట్‌లో గాంజ్ కంపెనీ ఇంజనీర్ మెక్‌వార్ట్ 1874లో గాడులున్న ఇనుప రోలర్లకి పేటెంట్ తీసుకున్నాడు. పక్కపక్కన రెండు రోలర్లు, ఒకటి రెండోదానికంటే వేగంగా తిరుగుతుంది. గింజ చిట్లి, లోపలి తెలుపు పొట్టు నుంచి ఊడొస్తుంది. మొలక భాగంలో నూనె ఉంటుంది కాబట్టి అది పొడి అవకుండా రేకులా అణిగిపోతుంది. జల్లెడ పడితే పక్కకి వచ్చేస్తుంది.

వ్యాపారికి కావాల్సింది అదే. పిండి చివరికి ముక్క వాసన పట్టేది ఆ నూనె వల్లే. అది పోతే మూటలు నెలల తరబడి నిల్వ ఉంటాయి, ఓడలెక్కి సముద్రాలు దాటతాయి. గొప్పవాళ్ల తెల్ల రొట్టె కూలీల చేతికి కూడా వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో అది అభివృద్ధే. ఎవరూ మోసం చేయలేదు. విటమిన్ అనే మాటే 1912లో పుట్టింది, తీసి పారేస్తున్నదేంటో వాళ్లకేం తెలుసు!

తెలిశాక ఏం చేశారు? ప్యాచ్ వేశారు. 1940ల మొదట్లో అమెరికాలో తెల్ల పిండిలోకి కొన్ని బి విటమిన్లు, ఇనుము తిరిగి కలపడం మొదలైంది. బ్రిటన్ 1942లో ఇంకో దారి పట్టింది. గోధుమలో 85 శాతం పిండిలోనే ఉండాలి అని రూల్ పెట్టి ‘నేషనల్ లోఫ్’ తెచ్చింది. అసలు కారణం ఆరోగ్యం కంటే ఓడలు. పొట్టు పారేయకపోతే అదే గోధుమతో ఎక్కువ రొట్టెలొస్తాయి, తక్కువ ఓడలు చాలు. జనం ఆ బూడిదరంగు రొట్టెని తిట్టుకుంటూనే 1956 దాకా తిన్నారు.

ఇక మన ప్లేటు. ఇప్పుడు మనకి బెరిబెరి భయం పెద్దగా లేదు, తేడా పీచుపదార్థంలో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల గోధుమ పిండిలో పీచు 11 గ్రాముల పైన, మైదాలో 3 గ్రాముల లోపు. మలబద్ధకానికి, గుండెకి, షుగర్ నెమ్మదిగా పెరగడానికి ఇది పనికొస్తుంది. కానీ క్యాలరీల్లో తేడా కొంచెమే. రాత్రి అన్నం మానేశాం కదా అని ఆరు చపాతీలు లాగిస్తే షుగర్ మీటర్ మొహమాటపడదు. గ్లూటెన్ పడనివాళ్లకి అసలే వద్దు. బ్రౌన్ బ్రెడ్ కొనేటప్పుడు రంగు చూడకండి, వెనకాల పదార్థాల లిస్టులో మొదటి పేరు చూడండి. ఎక్కువ ఉన్నదే ముందు రాయాలి. అక్కడ మైదా ఉంటే ఆ గోధుమ రంగు వేరే దేని నుంచో వచ్చిందన్నమాట.

‘మనం అన్నం తినేవాళ్లం, మనకెందుకిది’ అంటారా? ఆ రోజుల్లో మన దేశంలో బెరిబెరి బాగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా ఆంధ్ర. కారణం అదే: మరలో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టర్ తమిళనాడులోని కూనూరులో ఒకే ఒక్క గదిలో బెరిబెరి మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది. ఇందాక పట్టికల గురించి చెప్పాను చూడండి, తార్నాకలో ఉన్న ఆ సంస్థ ఇదే. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఈ జబ్బు ఎందుకు తక్కువో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటా మరి.