వెట్టివారికి బియ్యము: మల్లు స్వరాజ్యం స్మృతులలో కుటుంబకలహము

కల్లోలకుటుంబమున గడచిన బాల్యమును చెప్పు ఆత్మకథలలో మనము సాధారణముగా తల్లిదండ్రుల పొరపొచ్చెములను, మద్యపానమును, దారిద్ర్యమును, తాడనదూషణములను వెదకుచుందుము. నల్లగొండ జిల్లాలో, నేడు సూర్యాపేట జిల్లాలో చేరిన కరివిరాల కొత్తగూడెమున, వందల యెకరముల భూమిగల భీమిరెడ్డివారి యింట 1931లో జన్మించిన మల్లు స్వరాజ్యం తన వార్ధక్యమున చెప్పగా, విమల, కాత్యాయని అక్షరబద్ధము గావించిన ‘నా మాటే తుపాకీ తూటా’ (2019) ఆ యలవాటును భంగపరచును. ఇందలి యింటికలహమునకు మూలము ఇంటివారి స్వభావములందు గాక, ఆ యింటిని పోషించిన వెట్టియందు కలదని నా అభిప్రాయము.

నాటి తెలంగాణమున వెట్టి యనగా పొలములో ఉచితపు చాకిరి మాత్రమే కాదు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలగు కులములవారు దొరకును, సర్కారు అధికారులకును వంతులవారీగా చేయవలసిన సేవ యది. పెండ్లికూతురి వెంట అరణముగా ఆడబాపలను, అనగా దాసీలను, పంపు ఆచారము గల దొరల గడులలో వంటయిల్లును పడకటిల్లును సైతము దానికి వెలుపల లేవు. అట్టి సమాజమున కలవారి బిడ్డ యక్షరములకంటె ముందు నేర్చునది, ఎవరు చెప్పులు విడిచి నిలువవలెనో, ఎవరు ‘నీ బాంచెను, కాల్మొక్త’ అనవలెనో యన్న పాఠము.

పదేండ్ల ప్రాయమున, వెట్టిని రూపుమాపవలెనన్న, నైజాము తెలుగువారి సంఘమైన ఆంధ్రమహాసభ పిలుపు నందుకొని, ఈ బాలిక వెట్టికి వచ్చినవారికి బియ్యము పంచిపెట్టెను. కుటుంబములోని పెద్దలు అడ్డుపడిరి, ఆమె వినలేదు, ఆ ప్రాంతమున వెట్టివారు తమ చాకిరికి కూలి యడుగుట కది యొరవడి యయ్యెనని ఆమె చెప్పుకొనినది. ఇతర స్మృతికర్తలు పెద్దలు రేపిన కల్లోలమునకు బలియైన బిడ్డలు. ఈమె బాధించు పక్షమున పుట్టి, కల్లోలమును తానే యింటిలోనికి తెచ్చిన బిడ్డ. ఆమెను కదిలించిన గోర్కీ నవల ‘అమ్మ’ తాగి వచ్చి భార్యను కొట్టు కార్మికుని యింట నారంభమగును. నిరుపేద రష్యను గృహమందలి దుఃఖము దొరబిడ్డకు తనదిగా తోచుట విచిత్రమే, కాని రెండిండ్లలోను ఇంటి బాధకు కారణము వీధిలో నున్నదని గ్రహించు పాఠకురాలికి అది విచిత్రము కానేరదు.

ఇచట పరిశోధకునికి ఒక జాగరూకత యవసరము. ఈ బాల్యమును చెప్పుచున్నది తెలంగాణ సాయుధపోరాటమున రాజక్క అను మారుపేరుతో అజ్ఞాతవాసము చేసి, తలకు పదివేల రూపాయల వెల కట్టబడి, 1978లోను 1983లోను తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికైన నాయకురాలు. సభలలో పలుమార్లు చెప్పిన కథ కొంత నునుపు దేరును. పదేండ్ల పిల్ల నోట కమ్యూనిస్టు పార్టీ పరిభాష వినవచ్చుచోట్ల నాకు శంక కలుగుచున్నది. అందువలన ఆ పోరాటమున పాల్గొన్న స్త్రీల నోటిమాటలను సేకరించి స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ను దీని సరసనే చదువుట మేలు. ఇల్లు విడిచి దళములలో చేరిన స్త్రీలకు, 1951 అక్టోబరున పోరాటము విరమింపబడిన పిమ్మట, మరల గృహిణీధర్మమే చూపబడినదన్న వేదన అందు వినవచ్చును. బియ్యము పంచినందుకు రేగిన తగవునకు శత్రువు స్పష్టము. ఈ రెండవ తగవు తమవారితోనే. శాసనసభకు చేరిన స్వరాజ్యమునకు చెప్పుకొనుట కొక వేదిక యుండెను. ఊళ్లకు మరలిన పెక్కుమందికి, ఎవరో టేపురికార్డరుతో వచ్చి యడుగువరకు, అదియు లేదు.