కాపలా మీది, పెత్తనం మాది

తుంగభద్ర నీళ్ళు మంత్రాలయం దాటి, సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలిసి, చివరికి హంసలదీవి వైపు సముద్రంలో పడతాయి. కృష్ణా మడ అడవులున్నది ఆ చివరే. ఎగువ నుంచి తీపినీరు తగ్గితే అక్కడ ఉప్పు ముదురుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్ళకు మడ అడవితో ఏం పని అనేవారికి ఇది మొదటి జవాబు. రెండోది చట్టం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. అయినా ఆదోని గుట్టలనూ, గోదావరి మొగలోని కోరంగి మడలనూ ఏలింది 1882 నాటి మద్రాసు అటవీ చట్టమే. రిజర్వులో పుల్ల విరిచినా, పశువును తోలినా నేరమే. అడవికి శత్రువు ఊరివాడే అన్న నమ్మకం ఆ చట్టంతోనే వేళ్ళూనుకుంది. కోరంగి చరిత్ర ముందు ఆ నమ్మకం నిలవదు.

దశాబ్దాల పాటు మడ అడవిని కూపులుగా విడగొట్టి వంతులవారీగా నరికించింది సర్కారే. అడవి మళ్ళీ లేస్తుందిలే అన్నది లెక్క. కానీ నీడ పోయిన ఒండ్రునేల ఎండకు తేమ ఆరి కుంగింది, నడుమ గుంటపడింది. పోటుకు ఎక్కిన నీరు పాటుకు తిరిగి పోలేక అక్కడే ఆవిరై ఉప్పు పేరుకుంది. ఉప్పుకు గట్టివైన మడ చెట్లు కూడా తట్టుకోలేనంత ఉప్పు. 1978లో కోరంగిని అభయారణ్యంగా ప్రకటించారు గానీ, కంచె వేస్తే ఉప్పు కరగదు గదా. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, మట్లపాలెం వంటి ఊళ్ళ జనం కలిసి చేసిన పని వేరు. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు; పైనుంచి చూస్తే చేపముల్లు. పోటునీరు రోజూ వచ్చి ఉప్పును కడుక్కుపోతుంది. మొక్కను నాటేది కాలువ వాలులో, సరిగ్గా నడిమిన. గట్టు మీదైతే ఎండుతుంది, అడుగునైతే మునిగి చస్తుంది. పోటు ఎక్కడిదాకా ఎక్కుతుందో ఏ ఫైలూ చెప్పదు, రోజూ వల వేసేవాడు చెబుతాడు.

పేదవాడికి వంటచెరకు కావాలి, అడవి అప్పజెబితే మిగులుస్తాడా అంటారు. వంటచెరకుకు నరికిన మాట నిజమే. కానీ కూపుల నరుకుడు పక్కన, 1990ల్లో తీరమంతా తవ్విన రొయ్యల చెరువుల పక్కన అది ఏపాటిది? 1996 డిసెంబరులో తీరంలోని రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది వలేసుకునేవాడిని చూసి కాదు. 2020లో కాకినాడ పక్కన ఇళ్ళ స్థలాల కోసం మడలు పూడ్చిన గొడవ హరిత ట్రిబ్యునల్‌కు ఎక్కితే, బోనులో నిలబడింది ప్రభుత్వమే. రొయ్యపిల్ల, మండపీత పెరిగేది మడ వేళ్ళ మధ్య. అడవి పోతే ముందు ఖాళీ అయ్యేది మత్స్యకారుడి బుట్ట.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది: కోరంగి కాలువల పనంతా కెనడా సాయంతో నడిచిన ప్రాజెక్టు, డబ్బు ఆగితే ఊరి సంఘమూ ఆగుతుంది అని. ఇది తోసిపుచ్చలేని మాట. కాలువల్లో ఒండ్రు చేరుతుంది, పూడిక తీస్తూనే ఉండాలి. కూలి లేకుండా ఎవరు తీస్తారు? 1992 నుంచి మన రాష్ట్రంలో వచ్చిన వన సంరక్షణ సమితులకు కలపలో వాటా అన్నారు. అభయారణ్యంలో నరకడమే నిషేధమైనప్పుడు వాటా దేంట్లో? అక్కడి ఎకో డెవలప్‌మెంట్ కమిటీలకు దక్కింది కాపలా పనే. తుంగభద్ర దిగువ కాలువ రైతులకు ఈ తంతు కొత్త కాదు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, ఎన్నికలు జరగని ఏళ్ళలో పేరుకే మిగిలాయి. దీనికి భిన్నంగా, ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంలో నేతగాడు కూలివాడు కాడు, సభ్యుడు. తీరంలోని కమిటీలకు లేనిది ఆ హోదాయే.

ఆ హోదా దక్కడానికి 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కు ఇస్తుంది గానీ, గిరిజనేతరులు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా అక్కడ ఉన్నట్టు రుజువు చూపాలి. తాటాకు ఇల్లు తుఫానుకు కొట్టుకుపోయిన మత్స్యకారుడు ఏ కాగితం తెస్తాడు? గ్రామసభలో పెద్దల సాక్ష్యం కూడా రుజువేనని ఆ చట్టం కింది నిబంధనలే అంటున్నాయి. దాన్ని అధికారులు ఒప్పుకోవాలి, పీతలు పట్టే హక్కును రాసివ్వాలి, మడ నేలను వేరే పనికి మళ్ళించే ముందు ఆ ఊరి గ్రామసభ అనుమతి తీసుకోవాలి.