కల్లు ముంత నుంచి సారా ప్యాకెట్ దాకా

ఆదివాసుల చరిత్ర రాసేవాళ్లు 1879 రంప తిరుగుబాటును తప్పక తలుస్తారు. కల్లు మీద పన్ను దానికొక కారణమని రాసి ముందుకు వెళ్లిపోతారు. కల్లు చేజారి, సారా చేతికొచ్చాక మనిషి కడుపులో ఏం జరిగిందన్నది మాత్రం ఆ పుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది. నా లెక్కలో అదీ చరిత్రే.

రంప కొండల్లో కల్లు గీసుకోవడం ఇంటి పని. మున్సబుదారు దాని మీద చిగురు పన్ను వేశాడు. ఇంగ్లీషు ప్రభుత్వం ఇంటి అవసరానికి గీసుకోవడాన్ని కూడా ఆపి, కల్లు హక్కును గుత్తకిచ్చింది. తన చెట్టు కల్లు తాను తాగాలంటే మైదానం నుంచి వచ్చిన గుత్తేదారుకు డబ్బు కట్టాలి. ఆ మార్చిలో చోడవరం వైపు మొదలైన తిరుగుబాటులో ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర వంటివాళ్లు ముందు నడిచారు. దాన్ని అణిచేశాక 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. మత్తు పానీయాల తయారీ, అమ్మకం సర్కారు గుప్పిట్లోకి వెళ్లాయి. లైసెన్సు దుకాణంలో సారా సులువుగా దొరకడం మొదలైంది.

కల్లుకూ సారాకూ తేడా పేరులోనే కాదు. పులిసిన కల్లులో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లు. కాచి దించిన సారాలో దానికి ఎన్నో రెట్లు. మనవాళ్లూ ఇప్పసారా కాస్తారు కదా అంటే, కాస్తారు. కడుపుకు ఆచారం తెలియదు, గాఢతే తెలుస్తుంది. కాకపోతే పండక్కి కాచుకునేది వేరు, రోజూ కూలి డబ్బుల్ని లాక్కునే దుకాణం వేరు.

మద్యం పడిన కడుపును ఒక వైద్యుడు కళ్లారా చూసిన కథ అమెరికాది. 1822లో మాకినాక్ దీవిలో, బొచ్చు వ్యాపారంలో పనిచేసే అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కూలికి తుపాకీ గుండు తగిలింది. గాయం మానినా కడుపుకు పడిన కంత పూడలేదు. విలియం బోమంట్ అనే సైనిక వైద్యుడు ఆ కంతలోంచి ఏళ్ల తరబడి చూసి 1833లో పుస్తకం వేశాడు. కొన్ని రోజులు వరుసగా తాగితే కడుపు లోపలి పొర ఎర్రబడి, అక్కడక్కడా పుండ్లు పడేవి. ఆ మనిషికి మాత్రం పెద్దగా బాధ తెలిసేది కాదు. నాకు ఈ మాటే అన్నిటికన్నా భయం వేస్తుంది. (చదువురాని ఆ కూలిని కాగితం మీద ఒప్పందం రాయించుకుని ప్రయోగాలకు వాడారు. గుత్త పద్ధతి ఎక్కడైనా గుత్త పద్ధతే.)

ఆ పుండు ఎలా పడుతుందో తర్వాతి శాస్త్రం వివరించింది. కడుపు గోడను దాని ఆమ్లం నుంచే కాపాడేది ఒక జిగట పొర. గాఢమైన ఆల్కహాలు ఆ పొరను చెరిపి కణాల దాకా వెళ్తుంది. అక్కడి సన్నని నాళాల్లో రక్తం నిలిచిపోతుంది, తెల్లకణాలు మూగుతాయి. ఆల్కహాలు విరిగేటప్పుడు ఎసిటాల్డిహైడ్ పుడుతుంది. ఈ గందరగోళంలో చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టి కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరను పాడుచేస్తాయి. ఇనుము తుప్పు పట్టినట్టు అని పిల్లలకు చెప్పుకోవచ్చు, అచ్చంగా అదే కాకపోయినా. వాటిని అణిచే గ్లూటాథయోన్ వంటివి కణంలో తరిగిపోతే ఆ స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. 1985లో జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ ఈ భావనకు రూపం ఇచ్చాడు.

గ్లూటాథయోన్ తయారు కావాలంటే తిండిలో మాంసకృత్తులు కావాలి. పప్పు, చేప, గుడ్డు సరిగా అందని ఒంట్లో దాని నిల్వ తక్కువ. కడుపులో అన్నం ఉంటే మద్యం పలచబడుతుంది, ఖాళీగా ఉంటే నేరుగా గోడకు తగులుతుంది. అంటే ఒకే సారా తిన్నవాడి కడుపులో ఒకలా, పస్తున్నవాడి కడుపులో మరొకలా పనిచేస్తుంది. గిరిజనులు తాగి చెడిపోతారని తేలిగ్గా అనేవాళ్లు ఈ తేడాను లెక్కలోకి తీసుకోరు.

తర్వాతి కథ తెలిసిందే. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఆ విషయం మీదే ఒక్క ఓటుతో పడిపోయింది. 1980ల్లో వారుణివాహిని పేరుతో సర్కారు సారా ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేరింది. ముంత నలుగురి మధ్య తిరిగేది, ప్యాకెట్టు జేబులో ఇమిడేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అడ్డం తిరిగారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో రెండోది పోయింది. సారా స్థానంలోకి వచ్చిన సీసా మీద చూడండి, ఆల్కహాలు 42.8 శాతం అని ఉంటుంది.

పొన్నూరు, రేపల్లె వైపు మా యానాది, ఎరుకల పేటల్లో ఈ జబ్బుకు ఉన్న పేరు 'గ్యాసు'. తెల్లారి మంటకు గ్యాస్ బిళ్ల, ఒళ్లు నొప్పులకు నొప్పి బిళ్ల, సాయంత్రం మళ్లీ సీసా. నొప్పి బిళ్లలు అదే పొరను ఇంకోవైపు నుంచి తొలుస్తాయి. దొడ్డికి తారులా నల్లగా వచ్చినా, వాంతిలో నెత్తురు పడినా అది గ్యాసు కాదు, లోపల పుండు కారుతోందని. అప్పుడు బిళ్లల కొట్టుకు కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కడుపు పై పొర కణాలు కొద్ది రోజులకొకసారి కొత్తవి పుడుతూనే ఉంటాయి. తాగుడు ఆగి తిండి అందితే పైపైన చెదిరిన పొర చాలావరకు తిరిగి కట్టుకుంటుంది.