ఖడ్గమునకు పట్టు

జపాను ఖడ్గమును గూర్చి లోకమున వ్యాపించిన వ్రాతలు చాలవరకు అలుగును గూర్చినవే. ఉక్కును ఎట్లు మడిచి సాగగొట్టిరి, వాదర వెంబడి మంచుతెరవలె కనబడు తెల్లని గీత యెట్లేర్పడినది, ఏ కమ్మరి ఏ గురువునకు శిష్యుడు అను ప్రశ్నలకు సమాధానము చెప్పు గ్రంథములు అనేకములు కలవు. ఆ అలుగును మనుష్యుడు పట్టుకొను చోటును ఎవరు, ఎట్లు సిద్ధపఱచిరను ప్రశ్నకు మాత్రము ఆ గ్రంథములలో దొరకు తావు స్వల్పము. ఇది యాదృచ్ఛికము కాదు. అలుగు ఉక్కు, ఏడు వందల యేండ్లైనను నిలుచును. పిడికి చుట్టినది పట్టు. వాడుకలో నున్నచో ఒకటి రెండు తరములలో అఱిగిపోవును. చరిత్ర సాధారణముగా నిలిచినదానిని చూచి వ్రాయబడును. నిలువకపోవుటయే స్వభావముగా గల యొక విద్యకు చరిత్ర యెట్లు వ్రాయవలెను? త్సుకమకి అను పిడిచుట్టు పని ఈ ప్రశ్నను మనముందుంచుచున్నది.

త్సుక యనగా పిడి. మకి యనగా చుట్టుట. పిడి లోపలిది కొయ్య. హోనోకి అను చెట్టు కలప నిందుకు వాడుదురు. వృక్షశాస్త్రము ననుసరించి ఇది మన సంపెంగకు దగ్గఱి చుట్టము. కలప మెత్తనిది, ఉక్కునకు హాని చేయదని పేరు గన్నది. దానిని రెండు బద్దలుగా చీల్చి, అలుగు క్రిందిభాగమున నుండు కాడ సరిగా ఇముడునట్లు లోపల తొలిచి, అన్నపు మెతుకులను మెదిపి చేసిన జిగురుతో మఱల అతుకుదురు. పిడికిని కాడకును అడ్డముగా రంధ్రము చేసి వెదురుచీల నొకదానిని దిగగొట్టుదురు. అంత ఖడ్గమును పిడిలో నిలుపునది ఆ చిన్న చీలయే. దానిని ఊడదీసినచో ఏ భాగమున కాభాగము విడిపోవును. ఈ విడిపోవు గుణమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. ఈ విద్య బ్రదుకంతయు దానిపై నాధారపడియున్నది.

కొయ్యపై చేపతోలు తొడుగుదురు. జపానీయులు దీనిని సమే అందురు. ఆ మాటకు సొరచేప యని అర్థమైనను, పిడులకు వాడునది వెడల్పైన ఱెక్కలును కొరడావంటి తోకయు గల వేఱొక సముద్రపు చేప తోలు. దానిపై ముత్యములు పొదిగినట్లు గట్టి గింజలు లేచియుండును. ఆఱిన తోలు కొయ్యను బిగించును. గింజలు పైచుట్టును జాఱనీయక పట్టియుంచును.

తోలుపై చుట్టునది విడి దారము కాదు. అది పట్టుదారములతో సన్నని నవారువలె అల్లిన పట్టెడ. వెడల్పు ఒక సెంటీమీటరునకు అటునిటుగా నుండును. దాని నడిమిభాగమును అలుగు వైపున నుంచి, రెండు కొనలను చెఱియొక ప్రక్కనుండి తెచ్చి, ఒకదానిపై నొకటి మెలిపెట్టి దాటించి, పిడిని త్రిప్పి రెండవవైపునను అట్లే దాటించుచు చివరివఱకు పోవుదురు. దాటిన ప్రతిచోటను పట్టెడ క్రింద త్రికోణముగా మడచిన కాగితపు తునుకల నుంతురు. వీనిని హిషిగామి యందురు. హిషి యనునది నీటిలో పెరుగు నొక తీగ, సంస్కృతమున శృంగాటకము. రెండు దాటింపుల నడుమ చేపతోలు తెల్లగా కనబడు గడి, జపానీయుల కంటికి ఆ హిషి ఆకారముగా తోచినది. లోపలి కాగితము లేనిచో మడత చదునుపడి గడి వంకరపోవును. చూచువారికి ఆ కాగితము కనబడదు. చుట్టు విప్పినవారికే కనబడును.

ఇందు మఱియొక నియమము కలదు. ఒకచోట కుడిపట్టెడ పైగా దాటినచో, తరువాతిచోట ఎడమపట్టెడ పైగా దాటవలెను. ఎల్లచోట్లను ఒకటే పైన నుండినచో లాగుడంతయు ఒకవైపునకే ఒరగి చుట్టు వదులగును. బిగువు ప్రతి దాటింపునను సమముగా నుండవలెను. గడులన్నియు ఒకే కొలతగా నుండవలెను. పిడికి ఇరుప్రక్కల చుట్టు క్రింద మెనుకి అను చిన్న లోహపు బొమ్మలుండును. మొదట ఇవి చీలను కప్పు బిళ్ళలు; కాలక్రమమున చీలనుండి విడివడి అలంకారములైనవి. మెలిపెట్టి చుట్టుట హినేరిమకి. చిటికెతో నొక్కినట్లు మడచుట త్సుమామిమకి. చదునుగా చుట్టుట హిరమకి. పద్ధతులు వేఱైనను ఉద్దేశ మొకటియే: చేయి జాఱరాదు, కొయ్య చీలరాదు.

ఈ పద్ధతి ఒక్కనాడు పుట్టినది కాదు. నారా నగరమున షోసోయిన్ అను ప్రాచీన భాండాగారము కలదు. షోము చక్రవర్తి 756లో మరణింపగా కోమ్యో మహారాణి ఆయన వస్తువులను తోదైజి బుద్ధాలయమునకు సమర్పించెను. వానిలో వెండి బంగారు పనితనము గల యొక ఖడ్గము నేటికిని భద్రముగా నున్నది. దాని పిడికి చేపతోలు తొడిగిరి, పట్టెడచుట్టు లేదు. అటుపిమ్మట హేయన్ యుగపు కొలువుఖడ్గములలో లోహపు పిడి గలవి కొన్ని కలవు. నారాలోని కసుగ దేవాలయమున, పిచ్చుకలను వెంటాడు పిల్లి చిత్రమును ముత్యపుచిప్పతో పొదిగిన ఒఱ గల ఖడ్గము అట్టిది. పూర్వయోధులు గుఱ్ఱముపై పోరుచు ఖడ్గమును మొలనుండి వ్రేలాడగట్టుకొనిరి. మురోమచి యుగమున (1336–1573) కాలినడక పోరు ప్రబలినకొలది, వాదర పైకుండునట్లు నడికట్టులో దోపుకొను ఖడ్గము వాడుకలోనికి వచ్చినది. ఒఱనుండి దూయుటయు వ్రేటు వేయుటయు ఒకే కదలికయైనప్పుడు, చేయి పిడిపై కుదురుకొనుట ప్రాణముతో కూడిన పని. వానకు, చెమటకు, నెత్తుటికి జాఱని పిడి కావలసివచ్చెను. మెలిచుట్టు ఈ యవసరముతో పెంపొందినది.

పిడికి కావలసిన సరకులన్నియు జపానులో దొరకలేదు. పెద్దగింజలు గల మేలిరకపు చేపతోలు దక్షిణసముద్రములనుండి రావలసియుండెను. 17వ శతాబ్దమున సయాము రాజధాని అయుత్థయనుండి చీనా ఓడలును డచ్చి ఓడలును ఈ తోళ్ళను నాగసాకికి చేర్చెడివి. 1641 తరువాత పాశ్చాత్యులలో డచ్చివారొక్కరికే, అదియు దెజిమా అను చిన్న దీవిలో మాత్రమే, వర్తకమునకు అనుమతి యుండెను. ఆ డచ్చి కంపెనీకే మన మచిలీపట్టణమున 17వ శతాబ్దారంభమునుండి వర్తకస్థానము కలదు. కోరమాండల్ తీరపు అద్దకపు వస్త్రములు ఆ కంపెనీ ఓడలలో జపానుకు పోయి సరస అను పేర అచ్చటి రసికుల మన్నన నందినవి. సయాము తోలును మన తీరపు అద్దకమును ఒకే రేవున దిగినవి. సరకులకు పేరు మిగిలినది. చేసిన చేతులకు మిగులలేదు.

1588లో హిదెయోషి రైతులనుండి ఆయుధములను లాగికొనెను. 1603లో తోకుగావా పాలన మొదలైన తరువాత, రెండు ఖడ్గములు ధరించుట సమురాయి వర్గమునకు హోదాచిహ్నమైనది. రెండున్నర శతాబ్దముల శాంతిలో దూయని ఖడ్గములే యెక్కువ. ఐనను పిడులు చుట్టుట ఆగలేదు. షోగును కొలువునకు పోవువాడు నల్లలక్క ఒఱయు, తెల్లని చేపతోలుపై నల్లని పట్టుచుట్టును, కొమ్ముతో చేసిన పిడికొప్పును గల ఖడ్గము ధరింపవలెను. పోరున చేయి జాఱకుండుటకు పుట్టిన చుట్టు, మర్యాదకు గుర్తైనది. ప్రయోజనము మాఱినను, కాగితపు తునుకలు లోపల అట్లే యుండెను. దాటింపుల నియమము సడలలేదు.

ఇప్పుడు పేర్ల సంగతి. కమ్మరి తన పేరును అలుగు కాడపై చెక్కును. లోహపు బొమ్మలు చేసిన శిల్పులకును వంశచరిత్రలు కలవు. గొతో యూజో (1440–1512) మొదలుకొని గొతో వంశమువారు పదునేడు తరములు పాలకుల కొలువున ఈ పని చేసిరి. 1781లో ఇనబ త్సూర్యు ప్రకటించిన సోకెన్ కిషో అను ఏడు సంపుటముల గ్రంథము ఇట్టి శిల్పులను గూర్చి విస్తారముగా తెలుపుచున్నది. పిడి చుట్టినవాని విషయము చూడుడు. కమ్మరి పేరును కప్పునది వాని పని. శిల్పి చేసిన బొమ్మను సగము కప్పి సగము చూపునది వాని పని. తన పేరు వ్రాసికొనుటకు పట్టుపై చోటు లేదు. ఉన్నను ఆ పట్టుతోనే పోవును. కామకురా యుగమున, అనగా 13వ శతాబ్దమున, పుట్టిన యొక అలుగు నేడు మనకు కనబడినచో, దానికి తొడిగిన పిడి సాధారణముగా ఎన్నో శతాబ్దముల తరువాతిది. నడుమ ఎన్నిమాఱులు విప్పిరో, ఎన్నిమాఱులు చుట్టిరో లెక్క లేదు.

కాని ఆ విప్పుటయే ఈ విద్యకు పాఠశాల. అఱిగిన చుట్టును విప్పువాడు ముందుగా చదువరి. లోపలి కాగితమును ఎట్లు మడిచిరి, బిగువు ఎచ్చట సడలినది, పూర్వుడు ఎచ్చట తొందరపడినాడు, ఎచ్చట ఓర్పు చూపినాడు అనునది వాని వ్రేళ్ళకు తెలియును. పిమ్మట ఆ పాతదానిని ప్రక్కనబెట్టి తన చుట్టును తాను చుట్టవలెను. పూర్వుని పట్టు పనికిరాదు. పూర్వుని పద్ధతి పనికివచ్చును.

1876 మార్చిలో మెయిజీ ప్రభుత్వము బహిరంగమున ఖడ్గధారణమును నిషేధించెను. ఒక్క శాసనముతో ఎన్నో వృత్తులకు ఆధారము పోయినది. ఖడ్గాలంకారములు చేసిన కానో నత్సువో (1828–1898) వంటి మహాశిల్పి నూతన ప్రభుత్వపు నాణెములకు రూపకల్పన చేసి కీర్తి గడించెను. పట్టెడలు అల్లిన నేర్పు స్త్రీల కిమోనోలపై కట్టు ఓబీత్రాళ్ళ అల్లికకు మళ్ళినది. లోహమునకు వేఱొక వాడుక దొరికినది, అల్లికకును దొరికినది. పిడి చుట్టుటకు మాత్రము పిడి కావలెను. ఆ నేర్పును మఱియొక వస్తువుపై చూపుటకు వీలులేకపోయెను.

అటుతరువాతి ఘట్టము చెప్పక విడుచుట చరిత్రకు ద్రోహము. సైనికాధికారము ప్రబలిన కాలమున, 1934లో, ప్రాచీనఖడ్గమును పోలిన క్రొత్త సైనికఖడ్గమును అధికారులకు ఏర్పఱచిరి. వానిలో చాల అలుగులు యంత్రాగారములలో తయారైనవే. ఐనను పిడికి చేపతోలును పట్టెడచుట్టును ఉండవలెను. మఱుసటియేడు క్రిందితరగతి అధికారులకు ఏర్పఱచిన ఖడ్గమునకు పిడిని లోహముతో పోతపోసిరి. మొదట రాగి, పిమ్మట అల్యూమినియము. ఆ పోతలో చేపతోలు గింజలు, పట్టెడ మెలికలు, హిషి గడులు అన్నియు అచ్చొత్తినట్లు కలవు. పైన రంగు పూసిరి. దూరమునుండి చూచువానికి అది చుట్టిన పిడియే. 1937లో నాన్‌కింగునందును, అటుపిమ్మట యుద్ధము వ్యాపించిన ఆసియా దేశములందును, సైనికుల చేతులలో ఖడ్గములు చేసిన ఘోరములను లోకమెఱుగును. పిడి చుట్టిన నేర్పు ఆ నెత్తుటిని కడుగజాలదు. కఱకు పనికి ప్రాచీనతాగౌరవమును తొడుగుటకు ఆ చుట్టురూపము నుపయోగించిరనుట మఱువరాదు. 1945లో జపాను ఓడిన తరువాత ఖడ్గములను స్వాధీనము చేసికొనిరి, అనేకములు ధ్వంసమైనవి. కళాఖండములుగా గుర్తింపబడినవానిని కాపాడుటకు 1948లో జపాను కళాఖడ్గ పరిరక్షణ సంఘ మేర్పడినది. ఆ నీడలోనే పిడిచుట్టు పనివారు మఱల తలయెత్తిరి. వారి సంఖ్య నేటికిని స్వల్పము.

అనువాదము చేయుచు కాలము గడిపిన నాకు, ఈ చరిత్రలో అన్నిటికంటె ఎక్కువ ఆలోచన కలిగించినది ఆ అల్యూమినియపు పిడి. అది అఱుగదు; సడలదు; ఎవరును దానిని మఱల చుట్టవలసిన పనిలేదు. అందుచేతనే దానినుండి ఎవరును ఏమియు నేర్చుకొనలేరు. విప్పుటకు వీలులేని ముడిలో మడత లేదు, లోపల కాగితము లేదు, ఒక మనుష్యుని వ్రేళ్ళ గుర్తు లేదు. పట్టుచుట్టు అఱిగిపోవుట లోపమని మొదట నేననుకొంటిని. అది అఱుగుటచేతనే ప్రతితరమునను ఒకడు దానిని విప్పి, చదివి, మఱల చుట్టవలసివచ్చినది; విద్య నిలిచినది ఆ మార్గముననే.

ఒక మహాకావ్యమునకు ముప్పదియేండ్ల క్రిందటి అనువాద ముండగా మఱియొకటి యెందులకని అడుగువారు మనలో కలరు. పాత అనువాదము నాటి చేతులకు పట్టు. నేటి చేతులు వేఱు. పాతది చెడ్డదగుటచేత కాదు, అది తన పని తాను చేసి అఱిగినందుననే క్రొత్తది కావలెను. ఆ పని చేయువాడు మూలకవి పేరును తన పనిచే కప్పియు కాపాడవలసినవాడు. తన పేరు నిలుచునని ఆశింపరానివాడు. తాను మడచిన కాగితము నెవరును చూడరని తెలిసియు దానిని సరిగా మడచువాడే ఆ పనికి తగినవాడు. మఱియొక కాలమున మఱియొకడు చుట్టు విప్పినప్పుడు, ఆ మడత వానికి కనబడును.